తగ్గిందండి

మా వైపు మనిషికి రోగం రావడం ఒక ఎత్తు, ఆ రోగాన్ని గురించి పదిమందికీ జవాబు చెప్పుకోవడం ఇంకో ఎత్తు. చూడవచ్చినవాళ్ళు మంచం పక్కకి కుర్చీ లాక్కుని "ఎలా ఉందండి ఒంట్లో" అంటారు. "తగ్గిందండి" అనాలి. మూలుగుతూ అయినా అనాలి. తగ్గలేదంటే, బత్తాయిలు పట్టుకుని అంత దూరం నుంచి వచ్చినాయన ముఖం చిన్నబోతుంది. ఇక అడిగినాయన మందిచ్చిన డాక్టరే అయితే చెప్పక్కర్లేదు. ఆయన హస్తవాసిని ఆయన ముఖం మీదే కాదనడం మావాళ్ళకి చేతకాదు. రేపు పోయేవాడు కూడా ఇవాళ డాక్టరుగారితో తగ్గిందండి అనే చెబుతాడు. విజయదుర్గ కొంప ఈ మాట దగ్గరే మునిగింది.

ఆమె ఇల్లు కాట్రేనికోన దాటాక పంట కాలవ గట్టు మీద. నలభై దాటిన మనిషి, ఎవరి కంటా పడకుండా పని చేసుకుపోయే రకం. పిల్లలు లేరు. పెనిమిటి అబ్బులు కొబ్బరి దింపులు తీసేవాడు. చెట్టెక్కి బతికేవాడు ఎప్పుడో ఒకప్పుడు పడతాడని ఎక్కేవాడికి తెలుసు, ఎక్కించేవాడికి ఇంకా బాగా తెలుసు. ఓ వానాకాలం నాచు పట్టిన చెట్టు మీంచి అబ్బులు జారి పడ్డాడు. తుంటి విరిగింది. తోటాయన ఆసుపత్రికి మోయించాడు, ఒకటి రెండుసార్లు పరామర్శకి వచ్చాడు, గెల బొండాలు పంపించాడు, అంతటితో ఆయన ధర్మం తీరిపోయింది. ఎముక వంకరగా అతుక్కుంది. కర్ర పట్టుకుని ఇంట్లోంచి అరుగు మీదికి, అరుగు మీంచి ఇంట్లోకి, అప్పట్నుంచి అబ్బులు ప్రయాణాలన్నీ అవే. అతని పేరు ఏ రిజిస్టరులోనూ ఎక్కి లేదు కాబట్టి, పనికి పోలేని రోజులకి ఇంత ఇస్తామన్నవాడు ఒక్కడూ లేడు.

విజయదుర్గ అంతకుముందు కాంట్రాక్టరు షెడ్లలో రొయ్య ఒలిచేది. మొగుడు పడ్డాక "కార్డు ఉన్న పనైతేనే చేస్తాను" అని పట్టుబట్టి రొయ్యల ఫ్యాక్టరీలో చేరింది. జన్మకి ఆమె పట్టిన పట్టు అదొక్కటే. కార్డు అంటే ఈఎస్ఐ కార్డు. నెలనెలా జీతంలో కొంత కోస్తారు, దానికి కంపెనీ కొంత కలుపుతుంది. ఒంట్లో బాగోక పనిలోకి రాలేకపోతే, డాక్టరు రాసిన రోజులకి జీతంలో ముప్పాతికకి కాస్త తక్కువగా చేతికొస్తుంది. ఇంట్లోవాళ్ళకి వైద్యం కూడా చేస్తారు. ఆ చివరి మాట కోసమే ఆమె చేరింది.

కార్డు మీద అబ్బులుని పెద్దాసుపత్రిలో చూపించింది. తుంటి కీలు మార్చాలి అన్నారు. మారిస్తే కర్ర అక్కర్లేదు, అయితే వరస పెద్దది, వంతు రాగానే ఫోను చేస్తాం, ఆ రోజుకి కార్డు చెల్లుబాటులో ఉండాలి అన్నారు. ఆనాటి నుంచి అబ్బులు తన ఫోనులో చార్జింగు అయిపోనివ్వలేదు. ఏ రీచార్జి కంపెనీ అమ్మాయో మాట్లాడినా "ఆయ్, అబ్బులునేనండి" అని నిటారుగా కూర్చునేవాడు.

ఫ్యాక్టరీలో ఆమెది పొట్టు ఒలిచే బల్ల. చేతికి నూలు గ్లౌజు, దాని మీద రబ్బరు గ్లౌజు, ఎదురుగా ఐసులో ముంచిన రొయ్య. బయట ఎండ మాడ్చేస్తున్నా లోపల పళ్ళు కొట్టుకునే చలి. మొదట చిటికెన వేళ్ళు బిగిశాయి, తరవాత అన్నీ. తెల్లారి లేచేసరికి పిడికిలి ముడుచుకోదు, ముడుచుకుంటే తెరుచుకోదు. కుచ్చిళ్ళు పట్టుకోలేక నైటీ మీదే తిరిగేది. జడ అబ్బులు వేసేవాడు. తాళ్ళతో బతికిన చేతులాయె, జడ కూడా చెట్టెక్కే బందంలాగే బిగించేవాడు. "కొంచెం వదులుగా వెయ్యండి, కళ్ళు పైకి పోతన్నాయి" అని ఆమె నవ్వేది. నవ్వుతూనే ఏడ్చిన రోజులూ ఉన్నాయి.

ఆ నొప్పి తీరే చెడ్డది. వచ్చి కదలకుండా కూర్చుంటే దానికో దారి ఉండేది. అది అలా కూర్చోదు. రెండ్రోజులు పీక్కుతిని పోతుంది. అది పోగానే ఈవిడ కంపెనీ వ్యాను ఎక్కేస్తుంది. మళ్ళీ నెల తిరిగేసరికి చెప్పాపెట్టకుండా దిగిపోతుంది, పిలవని చుట్టంలాగ.

టైం ఆఫీసులో హాజరు చూసే బుచ్చిరాజుగారు ఓ రోజు ఆమెని పక్కకి పిలిచారు. ఆయన ఎవర్నీ ఏకవచనంలో పిలవడు. గేటు దగ్గర కుక్కని అదిలించినా మర్యాదగానే అదిలిస్తాడని ఆడవాళ్ళు నవ్వుకుంటారు.

"విజయదుర్గగారూ, ఏమీ అనుకోవద్దండి. ఈమధ్య తరచు ఆగిపోతన్నారు."

"ఆయ్. చేతులండి రాజుగారు."

"తెలుసండి. కానీ మీరు ఆగే పద్ధతి బాగోలేదండి. ఎప్పుడాగినా రెండ్రోజులే ఆగుతారు. కార్డులో మొదటి రెండ్రోజులూ లెక్కలోకి రావు. మూడో రోజు నించే డబ్బులు. మీరేమో సరిగ్గా మూడో రోజుకి బల్ల దగ్గరికి వచ్చేస్తారు."

"తగ్గేక ఇంట్లో కూచుని ఏం చేస్తానండి."

"అదేనండి మీ తప్పు. డాక్టరుగారు రాసిచ్చిన సెలవు మీంచి లేచేక, పదిహేను రోజుల్లోపు మళ్ళీ పడ్డా ఆ రెండ్రోజుల కోతా ఉండదు. మీరు అలాగా పడటం లేదు. నెలకోసారి పడతన్నారు."

ఆ నొప్పికి చట్టం తెలిసి ఉంటే పదిహేను రోజులు దాటకుండానే వచ్చేదేమో. ఈ నిబంధనలు రాసినవాళ్ళు బుద్ధిమంతులే, చెడ్డవాళ్ళు కారు. మనిషన్నాక జబ్బు పడతాడు, మంచాన ఉంటాడు, లేస్తాడు, పనిలోకి పోతాడు, ఇలా ఒక వరసలో ఆలోచించారు. పడుతూ లేస్తూ, లేస్తూ పడుతూ ఉండేవాళ్ళు ఆ వరసలో ఎక్కడా ఇమడరు. విజయదుర్గ ఇమడలేదు.

బుచ్చిరాజుగారు గొంతు తగ్గించారు. "డాక్టరుగారు పనికి పనికిరారని రాసిన రోజుల్లో మిమ్మల్ని కంపెనీ కదపడానికి లేదండి. రాయని రోజులన్నీ గైరుహాజరు కిందకే పోతాయి. అవి ఎక్కువైతే పేరు తీసేస్తారు. పేరు తీసేస్తే కార్డు పోద్ది. అందుకని చెబుతున్నా, పడితే గట్టిగా పడండమ్మా. వారం వారం రాయించుకుని, చేతులు బాగయ్యేదాకా లేవకండి."

కార్డు పోద్ది అనగానే అరుగు మీద ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అబ్బులు కళ్ళ ముందు కనపడ్డాడు. మర్నాడే ఆయన్ని వెంటబెట్టుకుని టౌనుకి బస్సెక్కింది. ఆమె జబ్బుకి వెళ్ళడం, ఆయన తోడు రావడం, తీరా చూస్తే బస్సు ఎక్కేటప్పుడు ఆయన్నే ఆమె ఎత్తి ఎక్కించడం.

ఈఎస్ఐ డిస్పెన్సరీలో అప్పుడే కొత్తగా ఓ కుర్ర డాక్టరు వచ్చాడు. మంచి పిల్లవాడు. ఇంతకుముందువాళ్ళు చేతులకేసి చూడకుండానే నొప్పి బిళ్ళలు రాసేవారు. ఇతను ఆమె వేళ్ళు ఒక్కొక్కటీ పట్టుకుని, నెమ్మదిగా వంచి, "ఇక్కడ నొప్పా అమ్మా, ఇక్కడా" అని అడిగాడు. రక్తం తీయించాడు. కీళ్ళవాతం అని తేల్చాడు. చలిలో పని చేయకూడదన్నాడు. వారం రోజులు సెలవు రాశాడు, కొత్త మందు ఇచ్చాడు. పెద్ద ఆఫీసరులాంటి మనిషి తన చెయ్యి అలా పట్టుకుని చూడటం విజయదుర్గకి అదే మొదలు. బస్సులో ఇంటికి వస్తూ "ఆ బాబు చల్లగా ఉండాలండి" అని అబ్బులుతో దారి పొడుగునా అంటూనే ఉంది. దయ కూడా ఒక్కోసారి మనిషిని కట్టి పడేస్తుంది. ఆ సంగతి ఆమెకి అప్పుడు తెలియదు.

మందు బాగానే పనిచేసింది. వారం తిరిగేసరికి గ్లాసు పట్టుకోగలిగింది. పిడికిలి సగం ముడుచుకుంది. మిగతా సగం ఇంకా ముడుచుకోలేదు. మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళింది.

"తగ్గిందా అమ్మా?" అన్నాడు అతను, పరీక్ష రాసి మార్కుల కోసం చూసే కుర్రాడి ముఖంతో.

తగ్గడం అన్న మాట చూడండి. జ్వరం నూట నాలుగు నుంచి నూట రెండుకి దిగినా తగ్గిందనే అంటాం, పూర్తిగా పోయినా తగ్గిందనే అంటాం. ఇంత పెద్ద భాషలో ఆ రెంటికీ రెండు మాటలు పెట్టుకోలేదు మనం. విజయదుర్గ అబద్ధం ఆడలేదు. నిజంగానే తగ్గింది. దానికి తోడు ఎదురుగా ఆ ముఖం.

"తగ్గిందండి" అంది.

"అయితే రేపట్నుంచి డ్యూటీకి వెళ్తారు కదా?"

"ఆయ్."

అతనిది రాయలసీమ. ఆయ్ అంటే సరే అనుకున్నాడు. మావాళ్ళు ఆయ్ అంటే సరే అనీ కావచ్చు, విన్నానండి అనీ కావచ్చు, తమరంతటివారు చెబుతుంటే నేనేం అనగలను అనీ కావచ్చు. అతను సంతోషంగా పనికి తగినది అని రాసేశాడు. ఆమెకి అడ్డుపడాలని తోచింది. దండం పెట్టి బయటికి వచ్చింది.

తోడు వచ్చి బయట బల్ల మీద కూర్చున్న అబ్బులు సంగతి విని తెల్లబోయాడు. "ఇంకో వారం అడగాల్సింది గదే. రాజుగారు గట్టిగా పడమన్నారు గదా."

"అంత బాగా చూసేరండి. ఆయనతో తగ్గలేదని ఎలాగంటాం."

"నీకు మొహమాటం ఎక్కువే దుర్గా. అడగందే అమ్మయినా పెట్టదు."

"మీరయితే అనేవారా?"

అబ్బులు ఆలోచించాడు. "అననులే" అన్నాడు.

ఐసులో చేతులు పెట్టిన మూడో రోజుకి గ్లౌజు ఎక్కలేదు. ఎక్కిన రోజు దిగలేదు, కత్తెరతో కోసి తీశారు. ఒలిచిన రొయ్య ముక్కలైపోతుంటే సూపర్‌వైజరు ఆమెని ఐసు ట్రేలు మోయడానికి మార్చాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. మళ్ళీ ఆగింది. మళ్ళీ డిస్పెన్సరీకి వెళ్ళింది. కుర్ర డాక్టరు కంగారుపడ్డాడు. "మీరే కదమ్మా తగ్గిందన్నారు" అని మళ్ళీ నాలుగు రోజులు రాశాడు. నాలుగు రోజులకి మళ్ళీ అదే ప్రశ్న, అదే జవాబు. ఆ వానాకాలమంతా ఇలాగే నడిచింది. డాక్టరు రాసినన్నాళ్ళూ ఇంట్లో, రాయడం ఆపగానే బల్ల దగ్గర, బల్ల దగ్గర పడగానే మళ్ళీ ఇంట్లో. చేతులు బాగాలేని రోజున ఒక్కోసారి బస్సెక్కే ఓపిక కూడా ఉండేది కాదు. ఆ రోజులన్నీ గైరుహాజరే.

కంపెనీవాళ్ళకి అనుమానం వచ్చింది. రోగమైతే ఉండాలి, లేకపోతే పోవాలి, ఈ రావడం పోవడం ఏమిటని మేనేజరు పైకి రాశాడు. పెద్ద డాక్టరు పరీక్ష చేసి తేల్చాలని కబురు వచ్చింది.

బుచ్చిరాజుగారు మళ్ళీ పక్కకి పిలిచారు. ఈసారి కుర్చీ వేయించి కూర్చోబెట్టారు. ఆ కుర్చీ చూసే ఆమెకి భయం వేసింది.

"పెద్ద డాక్టరుగారు రోగం ఉందని తేలిస్తే ఎక్కువ రోజులు సెలవు రాస్తారండి. వెనకటి రోజులకి కూడా దారి దొరుకుద్ది. బాగానే ఉన్నారని తేలిస్తే మాత్రం నా చేతుల్లో ఏమీ ఉండదు. మీరు ఒక్కటి గుర్తు పెట్టుకోండమ్మా. ఏమడిగినా ఆ తగ్గిందన్న మాట మాత్రం అనకండి."

"ఆయ్" అంది విజయదుర్గ. బుచ్చిరాజుగారు మావాడే గనక ఆ ఆయ్ ఎలాంటిదో గ్రహించి నిట్టూర్చారు.

వ్యానులో పక్క సీటు జ్ఞానమ్మది. బల్ల దగ్గర కూడా పక్క చోటే. ఆదివారం చర్చిలో మైకు లేకుండా పాడినా వీధి చివరిదాకా వినపడే గొంతు. సంగతి విని ఆవిడ అక్కడికక్కడే పెద్ద డాక్టరు అవతారం ఎత్తింది. చున్నీ మెడలో స్టెతస్కోపులాగ వేసుకుంది.

"ఏవమ్మా, తగ్గిందా?"

"తగ్గ... కొంచెం..."

"ఛీ. తగ్గలేదను."

"తగ్గలేదు అక్కా."

"అక్కేంటి, డాక్టర్ని. మళ్ళీ చెప్పు. తగ్గిందా?"

"తగ్గలేదండి" అంది విజయదుర్గ, తప్పు చేసినదానిలా తల వంచుకుని. వ్యానులో ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు. తరవాత రోజుల్లో వ్యాను ఎక్కినప్పుడల్లా ఎవరో ఒకరు "ఏవమ్మా, తగ్గిందా" అనేవారు, ఆమె "తగ్గలేదండి" అనేది. అలా రోజూ అనగా అనగా నోరు తిరిగింది. జ్ఞానమ్మ కూడా "ఇంక భయం లేదు" అంది.

పరీక్ష రోజున అబ్బులు తోడు వెళ్ళాడు. ఆఫీసు మేడ మీద ఉంది. లిఫ్టు లేదు. ఆయన మెట్ల కేసి చూసి, "నేను కింద కూచుంటా, నువ్వెళ్ళు" అన్నాడు. ఆమె ఒక్కతే ఎక్కింది.

ఆ రోజు నొప్పి కూడా పగబట్టినట్టు సెలవు తీసుకుంది. మొన్నటిదాకా ఉబ్బిన వేళ్ళు ఆ ఉదయం ఏమీ ఎరగనట్టు ఉన్నాయి. వేళ్ళు ఇలా ఉన్నా ఫరవాలేదు, నేర్చుకున్న మాట ఉందిగా అనుకుంది. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. పెద్ద డాక్టరు బల్ల వెనక ఉన్నాడు. ఆయన పక్కన, ఆమె కేసు చూసింది అతనే గనక పిలిపించినట్టున్నారు, ఆ కుర్ర డాక్టరు కూర్చుని ఉన్నాడు. ఆమెని చూసి, భయపడకమ్మా అన్నట్టు నవ్వాడు.

పెద్ద డాక్టరు చేతులు చాపమన్నాడు. చూశాడు. బయట ఇంకా చాలామంది ఉన్నారు. ఆయన వంచి చూసే తీరికలో లేడు.

"ఈ డాక్టరుగారి మందు వాడుతున్నావు కదా. తగ్గిందా, లేదా?"

తగ్గిందా అని ఊరికే అడిగితే ఆమె చెప్పేసేదే. వ్యానులో అన్నిసార్లు చెప్పింది. ఈయన అలా అడగలేదు. ఈ కుర్ర డాక్టరు మందుకి తగ్గిందా అన్నాడు, అతని ఎదురుగానే. ఇప్పుడు లేదంటే, తన చెయ్యి పట్టుకుని వేలు వేలూ చూసిన ఆ పిల్లవాడు పై అధికారి ముందు చేతకానివాడైపోతాడు. కింద అబ్బులు కూర్చుని ఉన్నాడని తెలుసు. కార్డు తెలుసు. అంతా తెలుసు.

"తగ్గిందండి. గానీ..."

ఆ గానీ వెనకాల చాలా ఉంది. గానీ పోలేదండి. గానీ ఐసులో పెడితే మళ్ళీ వస్తందండి. గానీ ఇవాళ ఉన్నట్టు రేపు ఉండదండి. అవన్నీ నాలిక మీదికి వస్తూనే ఉన్నాయి. పెద్ద డాక్టరు కలం అప్పటికే కదిలింది. మొదటి మాట వినగానే ఆయనకి కావలసింది దొరికింది. రెండో మాట కోసం ఎవరూ ఆగలేదు. కుర్ర డాక్టరు ఏదో చెప్పబోయాడు, పెద్దాయన తల ఊపి తరవాతి పేరు పిలవమన్నాడు.

నాకు ఆ పెద్ద డాక్టరు మీద కోపం లేదంటే అబద్ధం. కానీ విజయదుర్గ మీద అంతకంటే ఎక్కువ కోపం. ఆ కోపం కాసేపే ఉంటుంది. మా అమ్మ చివరి రోజుల్లో డాక్టరుకి ఏం చెప్పిందో గుర్తొచ్చాక పోతుంది.

కింద అబ్బులు కర్ర మీద లేచి నిలబడ్డాడు. "ఏవన్నారు?"

"చూసేరండి. రాసేరు" అంది. ఏం రాశారో ఆయన అడగలేదు. రాశారంటే సెలవే రాశారనుకున్నాడు. ఆమె అనుకోనిచ్చింది.

నెల తిరగకుండా పేరు తీసేశారు. బుచ్చిరాజుగారు ఆ మాట చెప్పడానికి గేటు దాకా స్వయంగా వచ్చారు. "మిమ్మల్ని రావద్దని కాదండి. కాంట్రాక్టరు కింద ఎప్పుడైనా రావచ్చు. అదే బల్లండి." కార్డు సంగతి అడిగితే, ఇదివరకు కట్టిన కాలానికి ఏడాది చివరిదాకా బతికి ఉంటుందని, ఈ కాలానికి పని రోజులు చాలలేదు గనక ఆపైన ఉండదని చెప్పారు. ఎక్కువసార్లు జబ్బు పడటం వల్లే పని రోజులు చాలలేదు. పని రోజులు చాలకపోవడం వల్లే ఇక జబ్బు పడితే చూసేవాడు లేడు. బుచ్చిరాజుగారు ఈ రెండూ కలిపి చెప్పలేదు. ఆమే కలుపుకుంది.

ఏడాది చివరిలోపు ఫోను వస్తే చాలు. అదొక్కటే ఆమెకి మిగిలిన ఆశ. మొగుడికి చెప్పలేదు. చెబితే ఆయన ఆ ఫోను ఒళ్ళోంచి తీసేస్తాడు, తీసేసి ఇక అరుగు మీదికి కూడా రాడు. "బల్ల మార్చేరండి, వేరే వ్యాను" అని కాంట్రాక్టరు వ్యాను ఎక్కింది. ఆ కాంట్రాక్టరు కార్డులూ గీర్డులూ పెట్టుకోడు. వచ్చినవాళ్ళకి వచ్చిన రోజు కూలి, రానివాళ్ళు రానట్టే. అదే ఐసు, అవే చేతులు. జ్ఞానమ్మ పక్క బల్ల నుంచి చూస్తూనే ఉండేది. ఆవిడ "తగ్గిందా" అని అడగడం మానేసింది. పాత వ్యానులోవాళ్ళూ, బల్ల దగ్గర కలిసినా, మానేశారు.

ఫోను కార్తీకంలో రాలేదు. ధనుర్మాసంలో ఓ రోజు ఆయన ఫోను మోగింది, తీరా చూస్తే ఎవరో లోను ఇస్తామని. డిసెంబరు ఆఖరి రోజు కూడా వెళ్ళిపోయింది. ఆ రోజు ఆమె పని నుంచి వచ్చి, పొయ్యి వెలిగించి, పొగ సాకుగా పెట్టుకుని కడుపారా ఏడ్చింది.

జనవరిలో ఓ ఉదయం, ఆమె కుళాయి నుంచి నీళ్ళు తెచ్చేసరికి అబ్బులు అరుగు మీద అద్దం కిటికీకి ఆనించి, ముఖానికి సబ్బు రాసుకుంటున్నాడు. చాలా రోజులైంది ఆయన తనంతట తాను గెడ్డం గీసుకుని.

"దుర్గా, ఫోనొచ్చింది" అన్నాడు. "వంతు వచ్చిందంట. రేపు రమ్మన్నారు. కార్డు మర్చిపోకుండా తెమ్మన్నారు. ఏ బస్సుకి పోదాం?"

ఆమె బిందె కింద పెట్టింది. వేళ్ళు బిందె అంచుకి పట్టేశాయి, విడదీసుకోవడానికి కాసేపు పట్టింది. ఆ కాసేపట్లో ఆయన ఒక చెంప గీసేసుకున్నాడు.

"కార్డు లేదండి" అంది.

"ఎక్కడ పెట్టేవు?"

"లేదండి. పోయింది. పేరు తీసేసేరు. వానాకాలం వెళ్తూనే తీసేసేరు." మేడ మీద జరిగింది, ఆ ప్రశ్న, తను అన్న మాట, ఆగిపోయిన మాట, అన్నీ చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆయన అద్దంలోకే చూస్తూ ఉన్నాడు. రెండో చెంప మీద సబ్బు ఎండిపోయింది. ఆయన దాన్ని నీళ్ళతో తడిపి, మెల్లగా అది కూడా గీసుకున్నాడు. సగం గీసి వదిలేసే పని కాదు కదా. తువ్వాలుతో తుడుచుకుని, అద్దం బోర్లా పెట్టాడు.

తిడతాడని ఆమె ఎదురుచూసింది. తిట్టినా బాగుండేది.

"నీ చేతులు రాత్రీ పగలూ చూసేది నేను" అన్నాడు అబ్బులు. "జడ వేసేది నేను, అన్నం కలిపి పెట్టేది నేను. ఆ పెద్ద డాక్టరుకి నేను చెప్పేవాణ్ణి గదే. ఆ మెట్లు ఎక్కగలిగుంటే నేను చెప్పేవాణ్ణి."

విజయదుర్గ ఆయన పక్కన కూర్చుని నైటీ మీది చున్నీలో ముఖం పెట్టుకుంది. ఆయన ఆమె చెయ్యి ఒళ్ళోకి తీసుకుని, వేళ్ళు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు. రోడ్డు మీద కాంట్రాక్టరు వ్యాను హారను కొట్టింది. ఇంకోసారి కొట్టింది. ఆమె లేవలేదు. వ్యాను వెళ్ళిపోయింది. ఆ రోజు ఆమె పనిలోకి రాలేదని ఎక్కడా ఎవరూ రాసుకోలేదు.